వేకువ వ్యాయామం – ఒంటిలోని గడియారం

తెల్లవారుజామున లేచి ఒళ్ళు వంచటం ఆరోగ్యానికి మంచిదని మన పెద్దలు తరతరాలుగా చెప్పుతూ వచ్చారు. పొలానికి పోయే రైతు, పాలు పితికే ఇల్లాలు, తాలింఖానాకు పోయే పడుచువాడు – అందరి దినమూ తొలికోడి కూతతోనే మొదలయ్యేది. ఆ కాలంలో ఈ మాట చెప్పటమూ తేలికే, ఆచరించటమూ తేలికే. దీపం ఆర్పితే రాత్రి; కోడి కూస్తే పగలు.

ఇప్పుడు హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున ఉన్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలను చూడండి. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించేనాటికి అక్కడ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించినవి రాతిగుట్టలే. నేడది హైటెక్ సిటీ. అక్కడ ఉదయం ఆరు గంటలకు రెండు రకాల మనుషులు ఉంటారు. దుర్గం చెరువు గట్టుమీద వడివడిగా నడిచేవారు, గచ్చిబౌలి క్రీడారంగం దగ్గర పరుగెత్తేవారు, బాహ్యవలయ రహదారి పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటమీద సౌరఫలకాల కప్పు కింద తొక్కేవారు ఒక రకం. మేడలమీది గదులలో మోగుతున్న అలారాన్ని నొక్కివేసి అటు తిరిగి పడుకొనేవారు రెండవ రకం. మొదటివారు చురుకైనవారనీ, రెండవవారు సోమరులనీ లోకం అనుకొంటుంది. రెండవవారు సైతం తమను గురించి అట్లాగే అనుకొంటారు. ఈ తీర్పు సరియైనదేనా?

ఈ ప్రశ్న ఊసుపోక వేసుకొనేది కాదు. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాదు విశ్వవిద్యాలయానికీ, ఏ.ఐ.జి. ఆసుపత్రికీ చెందిన పరిశోధకులు ఈ ఉద్యోగులలో 345 మందిని పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో నూటికి 71 మందికి స్థూలకాయమూ, నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకొనే వ్యాధీ ఉన్నట్లు తేలింది. గంటల తరబడి కూర్చొని చేసే పనీ, వేళ తప్పిన తిండీ, కొరవడిన నిద్రా ఇందుకు దోహదం చేస్తాయని వైద్యులు అంటున్నారు. కనుక వీరికి వ్యాయామం కావాలి. పగలంతా కార్యాలయమే గనుక మిగిలేది ఉదయమే. ఆ ఉదయం లేవలేనివారు ఏమి చేయాలన్నదే సమస్య. దీనికి జవాబు మనోబలంలో కంటె, ఒంటిలో ఉన్న ఒక గడియారంలో ఎక్కువగా దొరుకుతుంది.

చీకటిలోనూ ఆగని గడియారం

1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు దె మెరాన్ అత్తిపత్తి వంటి ఒక మొక్కను చీకటి గదిలో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆ మొక్క పగటివేళ ఆకులు విప్పుతూ, రాత్రివేళ ముడుస్తూనే ఉన్నది. సూర్యుడు కనిపించకపోయినా వేళను తెలుసుకొనే ఏర్పాటు ఏదో జీవి లోపలనే ఉండవచ్చునని చూపిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

మనిషి సంగతి ఏమిటి? 1938లో షికాగో విశ్వవిద్యాలయపు నథానియల్ క్లైట్‌మన్, తన శిష్యుడు రిచర్డ్‌సన్‌తో కలిసి అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు గడిపాడు. అక్కడ ఎండ రాదు, వేడిమి మారదు. ఇద్దరూ దినాన్ని 24 గంటలకు బదులు 28 గంటలుగా లెక్కించుకొని పడుకోవటం, లేవటం మొదలుపెట్టారు. పడుచువాడైన శిష్యుని శరీరం కొత్త దినానికి చాలవరకు లొంగింది. గురువుగారి దేహోష్ణం మాత్రం మొండిగా 24 గంటల లెక్కనే పట్టుకొని హెచ్చుతూ తగ్గుతూ వచ్చింది. అందరి గడియారాలూ ఒకే తీరున ఉండవని ఆనాడే తెలిసింది.

తరువాత 1960 ప్రాంతాలలో జర్మనీలో యుర్గన్ ఆషాఫ్ మొదలైనవారు భూగర్భంలో కట్టిన గదులలో మనుషులను వారాల తరబడి ఉంచి పరిశీలించారు. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ గుహలలోని గబ్బిలాలపై ఇటువంటి పరిశోధనలే సాగించి పేరు పొందారు. దీపాల ప్రభావాన్ని జాగ్రత్తగా మినహాయించి 1999లో అమెరికాలో చేసిన కొలతలలో, మానవ శరీరంలోని గడియారం ఒక చుట్టు తిరగటానికి సగటున 24 గంటల 11 నిమిషాలు పడుతుందని తేలింది. అనగా దానిని దిద్దేవారు లేకపోతే అది దినదినమూ కొంచెం వెనుకబడుతుంది.

ఈ గడియారం ఉండే చోటు కూడా తెలిసింది. రెండు కళ్ళనుండి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదానినొకటి దాటుకొనే స్థానానికి సరిగా పైన, సుమారు 20 వేల నరకణాలతో కూడిన చిన్న గుంపు ఒకటి ఉన్నది. దేహంలోని కాలేయం, కండరాలు, గుండె మొదలైన అవయవాలకు వేళను తెలిపేది ఇదే. ఒక్కొక్క కణంలో కొన్ని జన్యువులు ఒక ప్రొటీనును తయారుచేయిస్తాయి. అది కణంలో నిండేసరికి తన తయారీని తానే ఆపివేస్తుంది. క్రమంగా నశించగానే తయారీ మళ్ళీ మొదలవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగటానికి సుమారు ఒక దినం పడుతుంది. పండ్ల ఈగలలో ఈ రహస్యాన్ని ఛేదించినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం లభించింది.

వేకువ మనుషులు – రాత్రి మనుషులు

చేతి గడియారాలలో కొన్ని తొందరగా, కొన్ని మెల్లగా నడిచినట్లే ఈ గడియారాలలోనూ తేడాలున్నాయి. 1976లో హార్న్, ఆస్ట్‌బెర్గ్ అనే ఇద్దరు 19 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. స్వేచ్ఛ ఉంటే ఏ వేళకు లేస్తారు, ఏ వేళ పని బాగా సాగుతుంది, ఏ వేళకు నిద్ర ముంచుకొని వస్తుంది అనే ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి మనుషులను వేకువ మనుషులుగా, రాత్రి మనుషులుగా, నడిమివారుగా విభజిస్తారు. ఎక్కువమంది నడిమివారే. పొట్టివారు, పొడుగువారు కొద్దిమందిగానూ, నడితరం ఎత్తువారు ఎక్కువగానూ ఉన్నట్లే ఇదీను.

ఈ స్వభావంలో కొంత పుట్టుకతో వస్తుంది. 2019లో సుమారు 7 లక్షల మంది జన్యువులను పోల్చి చూసినప్పుడు, వేకువనే లేచే స్వభావంతో సంబంధమున్న 351 స్థానాలు వెల్లడి అయినాయి. వయస్సునుబట్టి కూడా ఇది మారుతుంది. చిన్నపిల్లలు కోడికంటె ముందే లేచి ఇంటిల్లిపాదినీ లేపుతారు. యౌవనం ప్రవేశించగానే వారి గడియారం వెనుకకు జరగటం ప్రారంభించి, 20 ఏళ్ళ ప్రాంతంలో అన్నిటికంటె ఆలస్యంగా నడుస్తుంది. ఆ తరువాత మెల్లమెల్లగా ముందుకు వస్తూ, ముసలితనంలో మళ్ళీ వేకువ మెలకువ అలవడుతుంది. తాతగారు నాలుగింటికే లేచి మనుమణ్ణి మందలించటంలో వింత లేదు. ఇద్దరూ తమ తమ గడియారాలకు లోబడినవారే. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఎక్కువగా ఈ ఇరవై దాటిన వయస్సువారే అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

వేకువలో శరీరస్థితి

దేహోష్ణం రోజంతా ఒకే తీరున ఉండదు. సాయంకాలం అది హెచ్చుగా ఉంటుంది. అర్ధరాత్రి దాటిన తరువాత తగ్గి, అలవాటుగా మెలకువ వచ్చే వేళకు సుమారు రెండు గంటల ముందు కనిష్ఠానికి చేరుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా ఒక డిగ్రీ సెంటిగ్రేడు లోపే అయినా దాని ప్రభావం చిన్నది కాదు. చల్లబడిన కండరాలు బిగుసుకొని ఉంటాయి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళలు రాత్రి నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. అందుచేతనే మనిషి ఉదయంపూట ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు పొడుగు ఎక్కువగా ఉంటాడు. అందుచేతనే లేవగానే నడుము వంచటం కష్టమవుతుంది. మెదడుకూడా ఒక్కసారిగా మేలుకోదు. కళ్ళు తెరిచిన తరువాత పావుగంటనుండి ఒక గంటవరకు మత్తు ఉండటం సహజమే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకొందాం. రాత్రి ఒంటిగంటన్నరకు పడుకొని ఉదయం 9 గంటలకు లేచే ఉద్యోగి ఒకడున్నాడు. అతని దేహోష్ణం కనిష్ఠానికి చేరేది ఉదయం 7 గంటల ప్రాంతంలో. మిత్రుని ప్రోద్బలంతో అతడు 5 గంటలకు అలారం పెట్టుకొన్నాడు. అలవాటుగా 6 గంటలకు లేచేవానికి ఈ వేళ ఎటువంటిదంటే, రాత్రి 2 గంటలకు తట్టి లేపి పరుగెత్తుమన్నట్లే! అతడు మూడవనాడు మానుకొంటే అది సోమరితనం అనటం న్యాయం కాదు.

2015లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రీడాకారులపై చేసిన పరిశీలన దీనిని బలపరుస్తున్నది. వేకువ మనుషులు మేలుకొన్న తరువాత సుమారు 5 గంటల 30 నిమిషాలకు తమ శక్తిలో శిఖరాన్ని అందుకొన్నారు. రాత్రి మనుషులకు ఇందుకు 11 గంటలు పట్టింది. ఒకే మనిషిలో మంచివేళకూ చెడ్డవేళకూ నూటికి 26 వంతుల వరకు తేడా కనిపించింది. పరుగుపందెం గెలవటంలోనూ వేళకు పాత్ర ఉన్నదన్నమాట.

గడియారాన్ని దిద్దేది వెలుతురు

అయితే రాత్రి మనుషులు ఎప్పటికీ అట్లాగే ఉండవలసినదేనా? కాదు. పుట్టుక కొంత హద్దు గీస్తుంది; ఆ హద్దులోపల ముల్లును జరపటం సాధ్యమే. ఇందుకు అన్నిటికంటె బలమైన సాధనం వెలుతురు.

కంటి వెనుక పొరలో చూడటానికి పనికివచ్చే కణాలతోపాటు, వెలుతురు కొలిచి మెదడులోని గడియారానికి తెలపటమే ముఖ్యమైన పనిగా గల కణాలు మరికొన్ని ఉన్నాయని 2002లో స్పష్టమయింది. ఇవి నీలపు వన్నె వెలుగుకు ఎక్కువగా స్పందిస్తాయి. ఉదయపు వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. అనగా ఆ రాత్రి నిద్ర, మరునాటి మెలకువ పెందలకడ వస్తాయి. రాత్రిపూట వెలుతురు దానిని వెనుకకు నెట్టుతుంది. నిద్ర, మెలకువ రెండూ ఆలస్యమవుతాయి. ఈ రెండింటినీ వేరుచేసే సరిహద్దు దేహోష్ణం కనిష్ఠంగా ఉండే వేళయే. దానికి ముందు పడిన వెలుగు రాత్రి వెలుగుగానూ, దాని తరువాత పడిన వెలుగు ఉదయపు వెలుగుగానూ శరీరం లెక్కించుకొంటుంది.

పైన చెప్పిన ఉద్యోగి కష్టం ఇందులో మరింత తేటపడుతుంది. అతని సరిహద్దు 7 గంటలు. వేసవిలో 6 గంటలకే ఎండలో నిలబడితే అతని గడియారం ముందుకు రావటానికి బదులు ఇంకా వెనుకకు పోవచ్చును! మంచి సంకల్పం చెడ్డ ఫలితమిచ్చే ఈ చిక్కును తప్పించుకోవటానికి ఒకటే దారి – ఒక్కసారిగా దూకకుండా, మెట్టు మెట్టుగా దిగటం.

ఇంటిలో దీపాల వెలుగుకూ బయటి వెలుగుకూ ఎంత భేదమో చాలామంది గుర్తించరు. వెలుగును లక్స్ అనే కొలతతో కొలుస్తారు. రాత్రివేళ ఇంటి గదిలో 100 నుండి 300 లక్స్‌లు, దీపాలు బాగా అమర్చిన కార్యాలయంలో సుమారు 500 లక్స్‌లు ఉండవచ్చును. మబ్బు పట్టిన పగటివేళ కూడా బయట కొన్ని వేల లక్స్‌లు ఉంటాయి. నడిమధ్యాహ్నపు ఎండలో అది లక్షకు చేరుతుంది. కన్ను దేనికైనా సర్దుకొంటుంది గనుక ఈ భేదం మనకు తెలియదు, గడియారానికి తెలుస్తుంది. 2013లో అమెరికాలోని కొలరాడోలో ఎనిమిదిమందిని ఒక వారంపాటు విద్యుద్దీపాలు లేకుండా కొండలలో గుడారాలలో ఉంచారు. పగటి ఎండా, రాత్రి నెగడూ తప్ప వేరే వెలుగు లేదు. వారం తిరిగేసరికి వారి గడియారాలు సుమారు రెండు గంటలు ముందుకు వచ్చాయి.

సైబరాబాదులో పొద్దు

ఇప్పుడు హైటెక్ సిటీలోని దినచర్యను ఈ దృష్టితో చూడాలి. అమెరికా సంస్థలతో కలిసి పనిచేసేవారికి అక్కడి ఉదయం ఇక్కడి రాత్రి. న్యూయార్కులో ఉదయం 9 గంటలంటే హైదరాబాదులో సాయంకాలం 6-30, చలికాలంలో 7-30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే ఇక్కడ రాత్రి 9-30; చలికాలంలో 10-30. సంభాషణ ముగిసి, అన్నం తిని, మనస్సు నెమ్మదించేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఉదయం సరిదిద్దే వెలుగుకు నిద్రలో దూరమై, రాత్రి వెనుకకు నెట్టే వెలుగుకు దగ్గరైన గడియారం నడిమివారినికూడా రాత్రి మనుషులుగా మార్చగలదు.

సూర్యుని లెక్క మరొకటి ఉన్నది. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. ఆ రేఖ మిర్జాపురం మీదుగా, మన కాకినాడకు దాపుగా పోతుంది. హైటెక్ సిటీ ఉన్నది సుమారు 78.4 డిగ్రీల మీద. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే కాకినాడ ప్రాంతంకంటె ఇక్కడ పొద్దు 16 నిమిషాలు ఆలస్యం. జూన్ నెలాఖరున ఇక్కడ సూర్యోదయం సుమారు 5 గంటల 43 నిమిషాలకు. జనవరి నడుమ 6 గంటల 50 నిమిషాలకు. కనుక జనవరిలో 5 గంటలకు లేచి పరుగెత్తేవానికి వ్యాయామం లభిస్తుంది గాని, గడియారాన్ని దిద్దే సూర్యుని వెలుగు లభించదు. సూర్యోదయం తరువాత అరగంట బయట ఉండటం అతనికి ఎక్కువ మేలు.

ముల్లును జరిపే పద్ధతి

ఇంగ్లండు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన ఒక ప్రయోగం ఇందుకు మార్గం చూపుతుంది. సగటున రాత్రి రెండున్నరకు పడుకొని, ఉదయం పదింబావుకు లేచే 22 మందిని ఎన్నుకొన్నారు. మందులేవీ ఇవ్వలేదు. మూడు వారాలపాటు కొన్ని నియమాలు పాటించమన్నారు. ఫలితంగా వారి గడియారాలు సుమారు రెండు గంటలు ముందుకు వచ్చాయి. నిద్ర నిడివి తగ్గలేదు. ఉదయంపూట చేతిపట్టు బలమూ, చురుకుదనమూ పెరిగాయి. దిగులు, మానసిక ఒత్తిడి తగ్గాయి.

వ్యాయామానికి సైతం గడియారాన్ని జరిపే శక్తి కొంత ఉన్నది. ఉదయం 7 గంటలకు, లేదా మధ్యాహ్నం 1 నుండి 4 గంటల నడుమ చేసిన వ్యాయామం గడియారాన్ని ముందుకు జరుపుతుందనీ, రాత్రి 7 నుండి 10 వరకు చేసినది వెనుకకు జరుపుతుందనీ 2019లోనే అమెరికాలో సుమారు వందమందిపై చేసిన ప్రయోగం చూపింది. అనగా ఉదయపు వ్యాయామం మొదటి దినాలలో కష్టమైనా, తనకు తానే దారి వేసుకొంటూ పోతుంది.

ఈ ప్రయోగాలను బట్టి రాత్రి మనుషులు అనుసరించదగిన పద్ధతి ఇది:

ఒకటి – మొదట లేచే వేళను పావుగంట, మహా అయితే అరగంట మాత్రమే ముందుకు జరపాలి. రెండు మూడు దినాలు దానిమీద నిలిచి, అప్పుడు మరొక మెట్టు దిగాలి. 9 గంటలకు లేచేవాడు మొదటి వారంలో ఎనిమిదింబావుకూ, మూడు నాలుగు వారాలలో ఆరున్నరకూ రావచ్చును.

రెండు – లేచిన వెంటనే ఆరుబయటకు పోవాలి. కిటికీ దగ్గర కూర్చోవటంకంటె వీధిలో పది నిమిషాల నడక ఎక్కువ పనిచేస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడరాదు. ఆకాశపు వెలుగు చాలును.

మూడు – పలహారం లేచిన తరువాత ఆలస్యం చేయరాదు. రాత్రి భోజనం వీలైనంత పెందలకడే ముగించాలి.

నాలుగు – టీ, కాఫీలు మధ్యాహ్నం 3 గంటల తరువాత మానాలి. వాటిలోని కెఫీను సగం తగ్గటానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంకాలం 6 గంటలకు తాగిన ఇరానీ చాయ్‌లోని కెఫీను రాత్రి 11 గంటలకుకూడా సగం ఒంటిలోనే ఉంటుంది.

ఐదు – పడుకొనటానికి రెండు గంటల ముందునుండి దీపాలు తగ్గించాలి. గదిలో తలపైన వెలిగే తెల్లని దీపానికి బదులు మూలన వెచ్చని వన్నె దీపం ఉంచుకోవాలి. ఫోను దూరంగా పెట్టాలి.

ఆరు – ఆదివారంకూడా అదే వేళకు లేవాలి. వారంలో ఐదు దినాలు సంపాదించినది రెండు దినాల పగటి నిద్రతో పోతుంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది – నిద్రను కోసి వ్యాయామానికి అతికించరాదు. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర, 13 నుండి 18 ఏళ్ళవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. ఒంటిగంటకు పడుకొని ఐదింటికి లేచి పరుగెత్తేవాడు ఒక చేత్తో సంపాదించి మరొక చేత్తో పోగొట్టుకొంటున్నాడు. ఉదయం లేవటం అనే పని ముందటి సాయంకాలమే మొదలవుతుందని గ్రహించాలి.

వ్యాయామం మొదలుపెట్టే తీరు

చల్లబడిన కండరాలను ఒక్కసారి బెదరగొట్టరాదు. లేచి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, 10 నిమిషాలు మామూలు నడక నడిచి ఒళ్ళు వెచ్చబడిన తరువాత వేగం హెచ్చించాలి. నడుమును బాగా వంచే ఆసనాలూ, బరువులు ఎత్తటమూ లేచిన గంటవరకు వాయిదా వేయటం మంచిది. గుండెపోటు ఉదయపు గంటలలో హెచ్చుగా వస్తుందని వైద్యులు గమనించారు. కనుక గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని ప్రారంభించాలి.

మొదటి రెండు వారాలు వ్యాయామం ఎంత చేశామన్నది కాక, రోజూ అదే వేళకు బయటకు వచ్చామా లేదా అన్నదే లెక్క. పది నిమిషాలైనా చాలును. బట్టలు, జోళ్ళు రాత్రే తీసిపెట్టుకోవటం, తోడుగా ఒక స్నేహితుణ్ణి కుదుర్చుకోవటం మేలు. మత్తుగా ఉన్న మెదడుకు నిర్ణయాలు ఎన్ని తగ్గితే అంత సుఖం.

చోటుకూడా చూసుకోవాలి. చలికాలపు ఉదయాన నేలకు దగ్గరగా చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి ఉండి పొగనూ దుమ్మునూ పైకి పోనివ్వవు. వాహనాలు తిరిగే దారికంటె కొండాపూర్ దగ్గరి వృక్షోద్యానం, దుర్గం చెరువు గట్టు వంటి చోట్లు మంచివి. ఏప్రిల్, మే నెలలలో మాత్రం హైదరాబాదులో ఉదయానికి సాటి లేదు. పగలంతా కాగిన బండలు, గోడలు సాయంకాలం చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటాయి.

ఇన్ని చేసినా రాత్రి పది, పదకొండు వరకు పని తప్పనివారు ఉంటారు. వారు నిరాశ చెందనవసరం లేదు. పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది గాని, అది ఉదయమే కావాలని చెప్పలేదు. మధ్యాహ్న భోజనానికి ముందో, సాయంకాలం 5 గంటల ప్రాంతంలోనో చేసిన నడక నడకే. ఆ వేళ దేహోష్ణం హెచ్చుగా ఉండి కండరాలు చురుకుగా పనిచేస్తాయికూడా. మానివేసిన ఉదయపు వ్యాయామంకంటె నిలకడగా చేసిన సాయంకాలపు వ్యాయామం వేయిరెట్లు మేలు.

పాఠశాలలో చేయదగిన పరిశీలనలు

ఈ విషయం హైటెక్ సిటీకే పరిమితం కాదు. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు గడియారం వెనుకకు జరుగుతున్న వయస్సులోనే ఉన్నారు. సైన్సు ఉపాధ్యాయులు ఖర్చులేని మూడు పరిశీలనలు చేయించవచ్చును.

మొదటిది: సెలవునాడు లేచినది మొదలు పడుకొనేవరకు రెండు గంటలకొకసారి ఉష్ణమాపకంతో నోటి ఉష్ణోగ్రత చూసి గ్రాఫు గీయాలి. వేడివి, చల్లనివి తాగిన అరగంటవరకు కొలవరాదు.

రెండవది: మంచంమీదినుండి లేచిన వెంటనే గోడకు ఆని నిలబడి ఎత్తు గుర్తుపెట్టి, రాత్రి పడుకొనేముందు మళ్ళీ గుర్తుపెట్టి తేడా కొలవాలి.

మూడవది: రెండు వారాలు నిద్రపోయిన, మేలుకొన్న వేళలు రాసి ఉంచాలి. నిద్రకు నడిమి వేళ కనుగొనాలి. బడి దినాలలో రాత్రి 11 నుండి 6 వరకు నిద్రపోతే నడిమి వేళ 2-30. సెలవు దినాలలో 1 నుండి 9 వరకు నిద్రపోతే 5 గంటలు. రెండింటికీ తేడా రెండున్నర గంటలు. హైదరాబాదుకూ మాస్కోకూ ఉన్న కాలభేదం సరిగా అంతే! ఆ విద్యార్థి శరీరం ప్రతి శనివారం మాస్కోకు పోయి, సోమవారం ఉదయానికి తిరిగి వస్తున్నదన్నమాట.

తరగతిలోని లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, ఉదయపు డ్రిల్లుకు ఆలస్యంగా వచ్చే పిల్లవానికీ, అందరికంటె ముందు వచ్చే పిల్లవానికీ ఉన్న తేడాలో ఎంత పాలు గడియారానిదో ఉపాధ్యాయులకే తెలుస్తుంది. పిల్లల నిద్రను లెక్కలోకి తీసుకొని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022నుండి ఉన్నత పాఠశాలలను ఉదయం 8-30కి ముందు తెరవరాదని శాసనం అమలు చేశారు. మన బడివేళలు మారినా మారకపోయినా, నాలుగున్నరకు లేపి చదివించే వసతిగృహాలలో పిల్లలు ఎనిమిదిన్నరకైనా పడుకొంటున్నారో లేదో చూడటం పెద్దల చేతిలోనే ఉన్నది.

వేకువ వెలుగు మంచిదని పెద్దలు చెప్పిన మాట నిజమే. ఆలస్యంగా లేచేవాణ్ణి తిట్టటంవల్ల మాత్రం అతని గడియారం ముందుకు రాదు. రాత్రి దీపం తగ్గించి, ఉదయం వెలుగు చూపి, పావుగంట పావుగంటగా జరుపుతూ పోతే వస్తుంది. ఎంతవరకు వస్తుందో అంతవరకు తెచ్చుకొని, ఆ వేళకే వ్యాయామాన్ని కుదుర్చుకొన్నవాడు దానిని ఏళ్ళ తరబడి నిలుపుకోగలుగుతాడు.